పరాయి పోగు

ఆ వీధిలో ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ దాంతో ఎవరికీ పని పడలేదు. లాండ్రీ వెనక గదిలో కూర్చుని చిరిగిన బట్టలకు రఫూ చేస్తుంది కాబట్టి ఊరందరికీ ఆమె రఫూ అక్క. తలపండిన వాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆమె ఏమీ అనుకునేది కాదు. దేన్నీ పెద్దగా పట్టించుకునే మనిషి కాదు, ఒక్క తన పని తప్ప.

ఆ పని సంగతి కొంచెం చెప్పాలి. అతుకు వేయడం ఎవరైనా వేస్తారు. రఫూ అంటే అతుకు కాదు. కోటుకు నిప్పురవ్వ తగిలి చిల్లి పడిందనుకోండి, ఆ కోటు లోపలి మడతలోంచే పోగులు ఒక్కొక్కటిగా లాగి, ఆ పోగులతోనే చిల్లి మీద పడుగూ పేకా మళ్ళీ నేయాలి. పైన చూస్తే చిల్లి లేదు, వెనక్కి తిప్పి చూసినా లేదు. అదే రంగు దారం బజార్లో దొరుకుతుంది కదా, ఎందుకీ తంటాలు అని ఎవరైనా అంటే అక్కకు ఒళ్ళు మండేది.

"పరాయి పోగు ఎంత కలిసినా ఒక్క ఉతుకు దాకానే. నీళ్ళు తగిలాయంటే అది వేరే, ఇది వేరే అని తెలిసిపోతుంది. ఏ బట్టకి ఆ బట్ట పోగే మందు" అనేది.

లాండ్రీ యజమానిని అందరూ ఇస్త్రీ బాబాయి అనేవాళ్ళు. ఆయనకో సరదా. బట్ట తీసుకుపోవడానికి మనిషి రాగానే దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, "చిల్లి ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం" అనేవాడు. వాళ్ళు కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ వెతికి వెతికి చివరకు నవ్వేసేవాళ్ళు. వెనక గదిలో అక్క తల ఎత్తకుండా ఆ నవ్వు వినేది. ఆమె సుఖమంతా అంతే. భర్త లారీ మీద తిరిగే మనిషి, ఇంటికొచ్చిన రోజు చుట్టం కింద లెక్క. పిల్లలు లేరు. ఉన్నది ఒక్క చెల్లెలు. రెండు వీధుల అవతల మందుల షాపు కౌంటరు దగ్గర పనిచేస్తుంది. సాయంత్రం షాపుకు పోయే ముందు అక్క దగ్గరికొచ్చి, ఆమె టీలో సగం తాగేసి, దారపు ముక్కలన్నీ చీర కొంగుకు అంటించుకుని పోవడం ఆ పిల్లకు అలవాటు. పిల్ల అంటున్నాను గానీ నలభై దగ్గరపడింది. అక్క దృష్టిలో మాత్రం పిల్లే.

జబ్బు చేతుల్లోనే మొదలైంది. ఒళ్ళంతా వదిలేసి సరిగ్గా చేతులనే వెతుక్కుంటూ వచ్చింది. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగదీసుకుపోయి ఉండేవి. పిడికిలి పడదు, పడితే విడదు. వేన్నీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చుంటే ఎండెక్కే వేళకు కాస్త సాగేవి. కుడిచేతి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్ళ కణుపులు ఉబ్బి ఎర్రగా మెరిసేవి. సూది పట్టేది ఆ మూడు వేళ్ళతోనే.

చెల్లెలే పట్టుబట్టి కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రక్తం తీశారు, చేతులకు ఎక్స్‌రే ఫొటోలు తీశారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంది డాక్టరమ్మ. ఈ కీళ్ళవాతం వయసు మీదపడి కీళ్ళు అరిగితే వచ్చేది కాదనీ, ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్ళను తింటుందనీ చెప్పింది.

"కంచే చేను మేసినట్టు అన్నమాట" అంది అక్క.

"సరిగ్గా అంతే. ఈ కంచెని కాస్త అదుపులో పెట్టే మాత్రలు ఇస్తాను. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ కాదు. గుణం కనపడటానికి టైం పడుతుంది. కడుపులో తిప్పొచ్చు. ఏ ఇబ్బంది ఉన్నా నాకు చెప్పండి, అంతేగానీ మీ అంతట మీరు మానొద్దు."

అక్క బుద్ధిగా తలూపింది. మాత్రలు బాగానే పనిచేశాయి. కొన్నాళ్ళకు పిడికిలి పడింది, సూది మళ్ళీ చేతిలో నిలబడింది. కానీ మాత్ర వేసుకున్న మర్నాడు మాత్రం ఆమె పని గోవిందా. కడుపులో దేవినట్టుండేది. తడి ఉన్నిబట్ట మీద ఇస్త్రీ పెట్టి ఎగిరే ఆవిరి వాసన, జన్మంతా పీల్చిన వాసన, ముక్కుకు తగిలితే చాలు వాంతి అయ్యేది. నోట్లో పుళ్ళు లేచాయి. ముద్ద మింగాలంటే ఏడుపొచ్చేది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, నా బతుకు అలా ఉంది" అని చెల్లెలితో అంది. ఆ మాట డాక్టరమ్మతో అని ఉంటే ఆమె మోతాదు సర్దేది, పక్కన ఇంకో మాత్ర చేర్చేది. అక్క అనలేదు. పెద్ద డాక్టరు ఇచ్చిన మందుకు వంకలు పెడితే బాగుండదనుకుంది. మన ఆడవాళ్ళ మొహమాటాలు ఎక్కడ పుడతాయో ఆ దేవుడికే తెలియాలి.

ఆ రోజుల్లోనే మందుల కంపెనీ మనిషి ఒకాయన చెల్లెలి షాపుకొచ్చి పేగుల గురించి చెప్పిపోయాడు. చెల్లెలు ఆ మర్నాడే చిన్న ఐసు డబ్బాలో క్యాప్సూళ్ళు పెట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ప్రోబయోటిక్స్ అంటారక్కా వీటిని. మన పేగుల్లో కోట్ల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయట. అన్నీ చెడ్డవి కావు, మంచివే ఎక్కువ. పెరుగు తోడుకునేది కూడా వాటి చుట్టాల వల్లే కదా. నీలాంటి వాతం ఉన్నవాళ్ళ పేగుల్లో ఆ లెక్క తప్పుతుందట. మంచివాటిని మళ్ళీ లోపలికి పంపిస్తే కడుపు కుదురుకుంటుంది, కీళ్ళ వాపు కూడా కాస్త తగ్గొచ్చు అంటున్నారు."

"అంటే ఇది మందు కాదా?"

"మందని కాదు. మన ఒంట్లో ఉండేవే. డాక్టరమ్మ మాత్రలతో పాటు వేసుకో, నష్టం లేదు. ఈసారి వెళ్ళినప్పుడు ఆమెకి ఒకమాట చెబుదాం."

చెల్లెలు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తప్పంతా అక్క విన్న తీరులో ఉంది. మన ఒంట్లో ఉండేవే అన్న మాట దగ్గరే ఆమె చెవులు ఆగిపోయాయి. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె చేతులు నమ్మిన సత్యం అదే మరి. బట్టకు బట్ట పోగే అతుకుతుంది. ఇవి లోపలి పోగులు, ఆ మాత్రలు బయటి పోగు. పరాయి పోగు కాబట్టే ఒళ్ళు దాన్ని తోసేస్తోంది, కడుపు కక్కేస్తోంది. ఇంత తేలిక సంగతి ఆ చదువుకున్న డాక్టరమ్మకు ఎందుకు తట్టలేదో అని కూడా అనుకుంది పాపం. రఫూ విద్యలో ఆమెను మించినవాళ్ళు లేరు, ఒప్పుకుంటాను. కానీ ఒళ్ళు బట్ట కాదు. ఆ ముక్క చెప్పేవాళ్ళు ఆ వేళ పక్కన లేకపోయారు.

ఈ ఒక్క వారం మాత్ర మానేసి చూద్దాం అనుకుంది. మర్నాడు వాంతి లేదు. ఇస్త్రీ ఆవిరి వాసన మామూలుగా ఉంది. కడుపునిండా తింది. ఆ తర్వాతి వారమూ మానేసింది. నోట్లో పుళ్ళు మానిపోయాయి, ముఖం తేటపడింది. క్యాప్సూల్ మాత్రం ఒక్కరోజూ తప్పలేదు, గిన్నెడు పెరుగూ తప్పలేదు. వేళ్ళు కూడా బాగానే ఆడుతున్నాయి. మానేసిన మందు ఒంట్లోంచి ఆ పూటే లేచిపోదు, దాని గుణం కొన్ని వారాలు నిలుస్తుంది అన్నది ఆమెకు తెలియదు. గుణం మాత్రది, పేరు క్యాప్సూల్‌ది. వండినమ్మ ఒకతె అయితే వడ్డించినమ్మకు పేరొచ్చినట్టు.

ఈ సంగతి చెల్లెలికి చెప్పలేదు. చెబితే గోల చేస్తుందని తెలుసు. చెల్లెలేమో వచ్చినప్పుడల్లా, "మాత్ర వేసుకున్నావా? స్ట్రిప్పు చూపించు" అని అడిగేది. దాచడం అక్కకు కొత్త విద్య కాదు. వారం వారం లెక్కప్రకారం మాత్రలు రేకులోంచి నొక్కి తీసి, దారపు చెత్తతో కలిపి పారేసేది. ఖాళీ రేకు బల్ల మీద పెట్టి ఉంచేది. చెల్లెలు దాన్ని చూసి మురిసిపోయి కొత్తది ఇచ్చేది. డాక్టరమ్మ దగ్గరికి పోవాల్సిన రోజులు వస్తే అక్క పని ఉందని ఒకసారి, మొగుడొచ్చాడని ఒకసారి తప్పించింది. ఒంట్లో బాగానే ఉంది కదా అని చెల్లెలూ గట్టిగా పట్టుబట్టలేదు. "చూశావా, నా క్యాప్సూళ్ళ మహిమ" అని నవ్వింది కూడా. ఆ నవ్వు చూస్తే అక్కకు కడుపు నిండేది.

చలి మొదలయ్యాక వేళ్ళు మళ్ళీ బిగిశాయి. చలికేలే అనుకుంది. చలి పోయింది, బిగుతు పోలేదు. సూది జారుతుంటే సూదిని తిట్టింది, కొత్త సూదులు తెప్పించింది. పోగు కనపడకపోతే కళ్ళజోడును తిట్టింది. మనిషికి తెలుస్తూనే ఉంటుంది, ఒప్పుకోవడానికే ధైర్యం చాలదు. కుడిచేతి వేళ్ళు మెల్లగా చిటికెనవేలి వైపుకు ఒరగడం మొదలుపెట్టాయి. ఆ చేతిని పని లేనప్పుడు ఒళ్ళో పెట్టుకుని మీద కొంగు కప్పుకునేది.

అప్పుడొక నల్ల ఉన్ని కోటు వచ్చింది. చనిపోయిన తండ్రిదట. కొడుకు తన పెళ్ళికి తొడుక్కుంటానన్నాడు. ఛాతీ మీద పురుగు కొట్టిన చిల్లి, మరీ పెద్దదేం కాదు. ఒకప్పుడైతే మధ్యాహ్నానికి ముగించేది. ఇప్పుడు రోజుల తరబడి దాని మీదే కూర్చుంది. పోగు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియలేదు. కొన్ని పోగులు బిగిశాయి, కొన్ని వదులయ్యాయి. రెండుసార్లు విప్పి మళ్ళీ నేసింది. కోటు లోపలి మడతలో ఇక లాగడానికి పోగు మిగల్లేదు. ఇస్త్రీ బాబాయి ఆవిరి పట్టి, అదిమి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు. వచ్చినతనికి ఏమీ అనకుండా కాగితంలో చుట్టి ఇచ్చేశాడు. కనిపెట్టండి చూద్దాం అనలేదు.

తర్వాత వెనక గది గుమ్మంలో నిలబడి, "ఈసారి కొంచెం తెలుస్తోందమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన అంత మెత్తగా అనడంతో అక్క గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆ చేతులే ఆమెకు అన్నం, పరువు, పేరు. అవి పోతే ఆ గదిలో ఆమెకు కుర్చీ ఉండదు. ఎంత మంచివాడైనా బాబాయి మాత్రం ఎన్నాళ్ళు ఉంచుకుంటాడు?

కోటు సంగతి బాబాయి నోట విని, ఆ వారమే చెల్లెలు ఆమెను లాక్కుని డాక్టరమ్మ దగ్గరికి పోయింది. మళ్ళీ ఫొటోలు తీశారు. డాక్టరమ్మ పాతవీ కొత్తవీ పక్కపక్కన వెలుతురు పెట్టె మీద పెట్టింది. కొత్తవాటిలో వేళ్ళ కణుపుల దగ్గర ఎముక అంచులు కొరుక్కుతిన్నట్టు ఉన్నాయి. చదువు రాని వాళ్ళకు కూడా తెలుస్తుంది.

"మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

అక్క నోరు తెరిచేలోపు చెల్లెలు అందుకుంది. "ఒక్క వారం కూడా తప్పలేదండీ. నేనే ఇస్తాను, ఖాళీ స్ట్రిప్పులు నేనే చూస్తాను. దాంతోపాటు ప్రోబయోటిక్ కూడా ఇస్తున్నాను."

డాక్టరమ్మ పెదవి విరిచింది. "ఇంత సరిగ్గా వేసుకున్నా ఇలా అయిందంటే ఈ మందు మీకు పనిచేయలేదన్నమాట. దీన్ని తీసేద్దాం. ఇంకా గట్టి ఇంజక్షన్లు ఉన్నాయి. వాటితో ఇన్ఫెక్షన్ల భయం ఎక్కువ, ముందు చాలా పరీక్షలు చేయాలి. తప్పదు మరి" అని కలం తీసింది.

అక్క ఆ కలం వైపు చూసింది. చెబితే చెల్లెలి ముందు తల ఎలా ఎత్తుకోవాలి? చెప్పకపోతే తనకు పనికొచ్చిన ఒక్క మందూ పనికిరానిదని రాసేస్తారు, ఉన్న వేళ్ళు కూడా పోతాయి. మింగలేక కక్కలేక కుర్చీ అంచు పట్టుకుంది. కలం కాగితం మీద ఆనింది.

"వేసుకోలేదండీ" అంది.

"ఏమిటి?"

"మాత్రలు. మొదట్లో వేసుకున్నాను, అప్పుడు బాగానే పనిచేశాయి. వాంతులవుతున్నాయని మానేశాను. చెల్లికి తెలీదు. రేకులోంచి తీసి పారేసేదాన్ని. క్యాప్సూళ్ళు చాలనుకున్నాను."

చెల్లెలు అక్క వైపు చూడలేదు, వెలుతురు పెట్టె మీది ఎముకల వైపు చూస్తూ ఉండిపోయింది. డాక్టరమ్మ కలం మూసి పక్కన పెట్టింది. ఎన్నాళ్ళయిందని అడిగి, చెప్పింది విని నిట్టూర్చింది.

"ఆ క్యాప్సూళ్ళు చెడ్డవేం కాదమ్మా. వాటితో ఈ జబ్బులో వాపు కొంచెం తగ్గిందని చిన్న చిన్న పరిశోధనలు కొన్ని ఉన్నాయి, తగ్గలేదని చెప్పేవీ ఉన్నాయి. గట్టిగా ఎవరూ చెప్పలేరు. పేగులకీ ఈ వాతానికీ ఏదో సంబంధం ఉందనే అనుకుంటున్నారు. మీ కడుపుకి హాయిగా ఉంటే వేసుకోండి, నేనేం వద్దనను. కానీ కీళ్ళని తినేదాన్ని ఆపేది ఆ మాత్ర. ఇది తోడు మాత్రమే, దాని బదులు కాదు. వాంతుల సంగతి నాకు ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది కదా?"

"ఇప్పుడు వేసుకుంటే వేళ్ళు మళ్ళీ వస్తాయా అండీ?"

"నొప్పీ వాపూ తగ్గుతాయి. పోయిన ఎముక రాదు. ఒరిగిన వేళ్ళు మందుతో నిలబడవు" అంది డాక్టరమ్మ. మోతాదు మార్చింది, వాంతులు రాకుండా ఇంకో మాత్ర రాసింది, పరీక్షలకు ఎప్పుడెప్పుడు రావాలో చెప్పింది. అక్కకు అందులో సగం వినపడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. చాలా దూరం వచ్చాక చెల్లెలు కిటికీలోంచి బయటకు చూస్తూనే, "మాత్రలతో పాటు అని చెప్పానా లేదా?" అంది.

"చెప్పావే."

"షాపుకొచ్చిన వాళ్ళందరికీ నిన్నే చూపించాను. మా అక్కకి ఎంత బాగుందో చూడండి అని చెప్పి అమ్మాను. వాళ్ళలో ఎంతమంది మాత్రలు మానేశారో ఇప్పుడు నేనెవర్ని అడగాలి?"

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది. ఆ పిల్ల చెయ్యి సంచీ కిందకు పోయింది.

ఆ తర్వాత చెల్లెలు సాయంత్రాలు రావడం మానేసింది. బాబాయి అక్కను పొమ్మనలేదు, బొత్తాలు కుట్టే పని ఇచ్చాడు. రఫూకు వచ్చిన బట్టలను ఎవరికో పంపిస్తున్నాడు. ఎవరికని ఆమె అడగలేదు. బొత్తాలు కూడా తేలికేం కాదు, పెద్ద కన్నాలున్నవైతే కుట్టగలదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, పూర్తిగా తానే తాగాల్సొచ్చేది. సగం తాగేసరికి చల్లారిపోయేది. జబ్బు కంటే ఆ చల్లారిన టీయే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

మాత్రల రోజు వచ్చేసరికి ఇంట్లో మాత్రలు లేవు. వేరే షాపుకు పోవచ్చు. పోలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ చెల్లెలి షాపుకే పోయి, అందరితోపాటు కౌంటరు ముందు నిలబడింది. తన వంతు రాగానే చీటీ జాపింది. చెల్లెలు చీటీ చూసింది, చీటీ పట్టుకున్న వేళ్ళను చూసింది. లోపలికెళ్ళి మాత్రలు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. అక్క రేకును నొక్కబోయింది. బొటనవేలికి బలం చాలలేదు. రెండోసారి ప్రయత్నిస్తుంటే చెల్లెలు రేకు లాక్కుని, డాక్టరమ్మ రాసినన్ని మాత్రలు తానే నొక్కి తీసి, నీళ్ళ గ్లాసుతో పాటు ముందుకు జరిపింది.

"ఇక్కడే వేసుకో. నేను చూడాలి."

వెనక మనుషులు నిలబడి ఉన్నారు. దగ్గుమందు కోసం వచ్చినావిడ, చేతిలో కాగితం ఊపుకుంటున్న ముసలాయన. అక్క మాత్రలు నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది, మింగింది.

"నోరు తెరువు" అంది చెల్లెలు.

అక్క ఆమె ముఖం వైపు చూసింది. వేళాకోళం కాదు. తెరిచింది.

"నాలుక పైకెత్తు."

ఎత్తింది. చెల్లెలు ముందుకు వంగి, మందు సీసా మీద గడువు తేదీ చదివినంత జాగ్రత్తగా అక్క నోట్లోకి చూసింది. తర్వాత ఫ్రిజ్ తెరిచి క్యాప్సూళ్ళ డబ్బా తీసి, అడగకుండానే సంచీలో వేసింది.

"వచ్చే వారం కూడా ఇక్కడికే రావాలి" అని, ముసలాయన చేతిలోని కాగితం కోసం చెయ్యి చాపింది.

ఊరందరూ అక్కా అని పిలిచే ఆ మనిషి కౌంటరు దగ్గర ఇంకో నిమిషం నిలబడి చూసింది. చెల్లెలు మాత్రం ఆమెను అక్కా అనలేదు.